మెషీన్ కదిపితే కాదు, మావయ్య కదిపితేనే

చెన్నై విల్లివాక్కంలో మా మావయ్య వాళ్లింట్లో ఒక నెల రోజులు ఆయన తప్ప మిగతా అందరం కింద కూర్చునే అన్నం తిన్నాం, ఎందుకంటే డైనింగ్ టేబుల్ మీద సగం చోటు ఒక మెషీన్ ఆక్రమించేసింది. కుట్టు మిషనంత ఉంటుంది. ముందుకి పొడుచుకొచ్చిన ఒక పిడి, పక్కన ల్యాప్‌టాప్, కాళ్లకి తగులుతూ ఎక్స్‌టెన్షన్ బోర్డు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ల చేత ఇంట్లోనే వ్యాయామం చేయించే రోబో అది, మావయ్యకి కుడి చెయ్యి పడిపోయాక అద్దెకి తెచ్చాం. మావయ్య పెరంబూరు ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలు బిగించి రిటైరైన ఫిట్టర్ కదా, అట్టపెట్టెలోంచి తీయగానే ఎడమ చేత్తో పిడిని అటూ ఇటూ తిప్పి చూసి "బేరింగ్ బాగుందిరా, మోటారే చిన్నది" అన్నాడు. అత్తయ్య అడిగింది వేరే. "ఇందులో చెయ్యి పెట్టి కూర్చుంటే అదే నయం చేసేస్తుందా?"

నెల్లూరు నుంచి హోసూరు దాకా చెదిరి ఉన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే చర్చ. రోబోలు వచ్చేశాయి, ఇక ఫిజియో అక్కర్లేదు అని ఒకరు. అవన్నీ డబ్బులు గుంజే పనులు, పావురం రక్తంతో మర్దన చేయించండి అని ఇంకొకరు. రెండూ తప్పే. పావురాన్ని వదిలేద్దాం, పాపం. రోబో సంగతి మాత్రం కాస్త చిక్కుముడి, అది అద్భుతమూ కాదు, మోసమూ కాదు, అసలు అది ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో తెలియక మనం తప్పు ప్రశ్న అడుగుతున్నాం. ఆ నెలలో నేను చూసిందీ, దాని చుట్టూ చదివిందీ కలిపి రాస్తున్నాను.

బల్బు కాదు, వైరు

పక్షవాతంలో చెడేది చెయ్యి కాదు. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది, కానీ ఇంట్లో మన ప్రవర్తన చూస్తే తెలిసినట్టు ఉండదు, నూనె రాసేది చేతికే, పిసికేది చేతినే. మావయ్యకి ఫిట్టర్ భాషలో చెబితే వెంటనే ఎక్కింది: బల్బు బాగానే ఉంది, మెయిన్ దగ్గర వైరు కాలిపోయింది. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే ఆ భాగం చచ్చిపోతుంది, ఎక్కువమందికి జరిగేది ఇదే. కొందరికి నాళం చిట్లి రక్తం కారుతుంది. మావయ్యది మొదటి రకం, మెదడులో ఎడమ వైపు, కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు, కొంత మాట. గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా గడువు నాలుగున్నర గంటలు. ఆయన పొద్దున నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంది, ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు, ఆ గడువు నిద్రలోనే దాటిపోయి ఉండొచ్చు.

మూడు నెలలకి కాలు వచ్చింది. కర్ర పట్టుకుని వీధి చివర టీ కొట్టు దాకా నడుస్తున్నాడు. చెయ్యి మాత్రం రాలేదు, భుజం కొంచెం లేస్తుంది, మణికట్టు అంతంత మాత్రం, వేళ్లు ముడుచుకునే ఉంటాయి. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ "కాలొచ్చింది, చెయ్యెందుకు రాలేదు?" అనే అడుగుతారు, అదేదో మావయ్య బద్ధకం అన్నట్టు. కారణం ఉంది. నడకకి కాలు స్తంభంలా బిగుసుకుని నిలబడినా కొంత పని జరిగిపోతుంది, పైగా మెదడు కింది భాగం నుంచి వెన్నుపాములోకి వెళ్లే వేరే నరాల దారులు కూడా కొంత ఆదుకుంటాయి. ఇడ్లీ తుంచడానికి, చొక్కా గుండీ పెట్టడానికి వేళ్లు దేనికది విడివిడిగా కదలాలి. దానికి మెదడు పై పొర నుంచి నేరుగా వెన్నుపాములోకి దిగే ఒక నరాల కట్ట చాలా ముఖ్యం. అది ఎంత మిగిలిందన్నదాని మీదే చెయ్యి ఎంత వస్తుందన్నది చాలావరకు ఆధారపడుతుంది. అందుకే స్ట్రోక్ వచ్చిన మొదటి రోజుల్లోనే డాక్టర్లు వేళ్లు కొంచెమైనా తెరుచుకుంటున్నాయా, భుజం పక్కకి లేస్తోందా అని చూస్తారు, ఆ రెండూ కాస్తయినా ఉంటే చెయ్యి వచ్చే అవకాశం బాగా ఎక్కువ.

ఇంకో కారణం మనకి కళ్లెదుటే ఉంటుంది కానీ గమనించం. బాగున్న చెయ్యి అన్ని పనులూ లాగేసుకుంటుంది. ఎడ్వర్డ్ టౌబ్ అనే అమెరికా పరిశోధకుడు కోతుల్లో దీన్ని చూపించాడు. స్పర్శ తెలియకుండా నరాలు కోసేసిన చేతిని కోతి వాడటం మానేస్తుంది, కానీ బాగున్న చేతిని కట్టేస్తే తప్పనిసరై ఆ పనికిరాని చేతినే వాడటం మొదలుపెడుతుంది. అంటే కొంత శక్తి ఉంది, వాడకపోవడం అలవాటైపోయిందన్నమాట. దాన్నే మనుషుల మీద వైద్యంగా మార్చి, బాగున్న చేతికి మెత్తటి గ్లవ్ తొడిగి, మేలుకుని ఉన్న సమయంలో ఎక్కువ భాగం దాన్ని వాడనివ్వకుండా, రెండు వారాలు పడిపోయిన చేతితోనే పనులు చేయించారు. 2006లో 222 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో అది మామూలు చికిత్స కన్నా బాగా పనిచేసిందని తేలింది. అయితే వేళ్లలో, మణికట్టులో ఎంతో కొంత కదలిక ముందే ఉన్నవాళ్లకి మాత్రమే అది కుదురుతుంది.

మా ఇంట్లో జరిగింది దీనికి సరిగ్గా రివర్స్. అత్తయ్య ప్రేమకొద్దీ అన్నం కలిపి స్పూన్ ఎడమ చేతికిచ్చేది, గ్లాసు ఎడమ వైపు పెట్టేది, చొక్కా తనే తొడిగేది. మూడు నెలల పాటు కుడి చేతికి ఇంట్లో ఒక్క పనీ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఎలుకల మీద, కోతుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడు కొత్త దారులు వేసుకునేలా చేయడానికి రోజుకి 400 నుంచి 600 సార్లు దాకా ఒక కదలికని చేయించారు. అమెరికా, కెనడాల్లోని పునరావాస కేంద్రాల్లో నిజంగా ఏం జరుగుతోందో పక్కన కూర్చుని లెక్కపెడితే (2009లో ఆ ఫలితాలు వచ్చాయి), చేతితో పనికొచ్చే కదలికలు ఒక సెషన్‌లో సగటున 32. ముప్పై రెండే. అక్కడే అలా ఉంటే మన దగ్గర ఇంటికొచ్చే ఫిజియో సంగతి చెప్పక్కర్లేదు, ఆమె తప్పు కాదు, ముప్పావు గంటలో బీపీ చూడాలి, కాలు చేయించాలి, నడిపించాలి, భుజం నొప్పి చూడాలి, బిగుసుకున్న వేళ్లు నెమ్మదిగా తెరవాలి, అత్తయ్య పెట్టిన కాఫీ తాగాలి (తాగకపోతే ఊరుకోదు), ఆ తర్వాత చెయ్యి. నేనొక రోజు లెక్కపెట్టాను. ఇరవై దాటలేదు.

ముప్పైకీ నాలుగు వందలకీ మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చడానికే రోబో వచ్చింది. నయం చేయడానికి కాదు.

సరే, అది చేసేదేంటి?

రోబో అనగానే మనిషి ఆకారంలో ఏదో నడిచొచ్చి మావయ్య చెయ్యి పట్టుకుంటుందని మా చిన్నపిల్లలు ఎదురుచూశారు. ఇవి అలాంటివి కావు. ఒక మోటారు, పిడి ఎంత కోణంలో ఉందో, ఎంత బలం పడుతోందో కొలిచే సెన్సర్లు, ఎప్పుడు సాయం చేయాలో నిర్ణయించే ప్రోగ్రాం, తెర మీద ఒక ఆట. అంతే. కొన్ని చేతికి బయటి అస్థిపంజరంలా తొడుక్కునేవి, ప్రతి కీలునీ విడిగా పట్టుకుంటాయి. కొన్ని పిడి పట్టుకుని ఆడించేవి, చెయ్యి చివర కదిలితే మిగతా చెయ్యి దాని వెంట వస్తుంది. గాలితోనో తీగలతోనో వేళ్లని తెరిచి మూసే గ్లవ్‌లు ఆన్‌లైన్‌లో విపరీతంగా అమ్ముతున్నారు, వాటి గురించి తర్వాత చెబుతాను.

ఈ కథ మొదలైంది అమెరికాలోని ఎంఐటీలో. నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ అనే ఇద్దరు 1980ల చివర్లో మొదలుపెట్టి 1990ల్లో రోగుల మీద పరీక్షించిన మెషీన్ పేరు ఎంఐటీ-మానుస్. ఎంఐటీ నినాదంలోని లాటిన్ మాట అది, మానుస్ అంటే చెయ్యి. మన చెవికి మనసులా వినిపించడం నాకు భలే నచ్చింది, ఎందుకంటే ఆ మెషీన్ గొప్పతనం కూడా దాదాపు అదే. ఫ్యాక్టరీ రోబో దారిలో మనం చెయ్యి పెడితే దానికి పట్టదు, నెట్టుకుంటూ పోతుంది. ఇది అలా కాదు, మెత్తగా ఉంటుంది, రోగి నెడితే దారిస్తుంది, ఆగిపోతే నెమ్మదిగా ముందుకి తోస్తుంది, తప్పుదారి పడితే స్ప్రింగులా వెనక్కి లాగుతుంది. సైకిల్ నేర్పేటప్పుడు నాన్న సీటు వెనక చెయ్యేసి పరిగెత్తినట్టు.

అసలు కిటుకంతా ఆ చెయ్యి ఎప్పుడు వదలాలన్న దాంట్లోనే ఉంది. మా ఇంట్లో మొదటి వారం ఏం జరిగిందో చెబుతాను. తెర మీద ఒక గిన్నె, పైనుంచి పళ్లు రాలుతుంటాయి, మణికట్టు వంచితే గిన్నె జరుగుతుంది. మావయ్య మొదటి రోజు 40 పళ్లు, మూడో రోజు 70, శుక్రవారానికి 90. వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలే బొమ్మలు. శనివారం ఫిజియో అమ్మాయి వచ్చింది, ఆయన ముంజేతి కండరం మీద తన చెయ్యి ఆనించి ఒక ఆట అయ్యేదాకా ఏమీ మాట్లాడకుండా చూసింది, తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి మెషీన్ సాయాన్ని సగానికి తగ్గించింది. స్కోరు 11. మావయ్య మొహం ఎర్రబడింది. "బాగా పోతున్నదాన్ని వచ్చి పాడుచేసింది చూడు" అని నాతో తెలుగులో గొణిగాడు, ఆమెకి అర్థం కాదనుకుని. ఆ అమ్మాయిది ఆంధ్రా సరిహద్దు దగ్గరి తిరుత్తణి. "పాడు చేయలేదు సార్, ఇన్నాళ్లూ పళ్లు పట్టింది మెషీనే, మీరు కాదు" అంది, మాకన్నా మంచి తెలుగులో.

ఆమె చెప్పింది ఆ ఒక్క మెషీన్ సంగతి కాదు. మెదడు పిసినారి. సాయం దొరుకుతుందని తెలిసిన క్షణం నుంచి తన వంతు శ్రమ తగ్గించుకుంటూ పోతుంది, మనకి తెలియకుండానే. పరిశోధకులు దీన్ని స్లాకింగ్ అంటారు. మోటారు మన చేతిని వెయ్యి సార్లు తిప్పినా, తిప్పాలన్న ప్రయత్నం మెదడు నుంచి బయల్దేరకపోతే ఆ వెయ్యీ వ్యాయామం కాదు. కీళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి, అదీ అవసరమే, కానీ వైరు అతకదు. అందుకే మంచి మెషీన్లు అవసరమైనంతే సాయం చేస్తాయి, రోగి బాగా చేస్తున్న కొద్దీ సాయం తగ్గిస్తూ పోతాయి, ఆటలో ఎప్పుడూ కొన్ని తప్పిపోయేలా చూస్తాయి. అన్నీ పట్టేస్తున్నారంటే అది శుభవార్త కాదు, సాయం ఎక్కువైందని అనుమానించాలి. ఆన్‌లైన్ గ్లవ్‌ల గురించి నా అభ్యంతరం కూడా ఇదే, వాటిలో చవకవి చాలావరకు చేతిని తెరిచి మూసేవే, రోగి ప్రయత్నించాడా, టీవీ సీరియల్ చూస్తున్నాడా అన్నది వాటికి తెలీదు.

మనకి దగ్గరలో జరుగుతున్న పని కూడా ఒకటి చెప్పాలి. వెల్లూరు సీఎంసీ, ఐఐటీ మద్రాస్ కలిసి ప్లూటో అనే చేతి రోబో తయారుచేశాయి. మోటారు ఒక్కటే, దానికి పిడులు మార్చుకుంటూ పోవాలి, ఒక పిడితో మణికట్టు పైకీ కిందకీ, ఒకదానితో పక్కలకి, ఒకదానితో తాళంచెవి తిప్పినట్టు ముంజేయి, ఇంకోదానితో పిడికిలి తెరిచి మూయడం. ఒక్కో కీలుకి ఒక్కో మోటారు పెడితే మెషీన్ పెద్దదవుతుంది, ఖరీదవుతుంది, పాడైతే బాగుచేసేవాడు దొరకడు. ఒక్క మోటారుతో సరిపెట్టడం వల్ల బల్ల మీద పట్టే సైజుకి వచ్చింది. దాని డిజైన్ వివరాలు 2021లో పరిశోధనా పత్రంగా వచ్చాయి. చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి సగం జనం వెల్లూరు రైలెక్కే ఆసుపత్రిలో ఇది పుట్టిందని మావయ్యకి చెబితే, "ఒక్క మోటారా? తెలివైనవాడెవడో చేశాడు" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

కాళ్ల రోబోలు వేరే లోకం. స్విట్జర్లాండ్ వాళ్ల లోకోమ్యాట్ లాంటివి ట్రెడ్‌మిల్ మీద మనిషిని బెల్టులతో వేలాడదీసి కాళ్లని నడిపిస్తాయి, మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బ్యాండికూట్ చేసిన కేరళ కంపెనీ జెన్‌రోబోటిక్స్ కూడా జీ-గైటర్ అని ఒకటి చేసింది. అవి ఆసుపత్రుల్లో ఉండాల్సినవి, ఇంటికొచ్చేవి కాదు. మన ఫ్లాట్లలో అవి పెడితే మనం బయట పడుకోవాలి.

పరిశోధనలు ఒకే మాట చెప్పవు

రోబో అమ్మేవాళ్లు మీకు 2018 నాటి కాక్రేన్ సమీక్ష చూపిస్తారు, అంటే అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్ అన్నీ కలిపి తూకం వేసిన నివేదిక. 45 ట్రయల్స్, 1619 మంది రోగులు, రోబో శిక్షణతో చేతి పనితీరు, బలం, రోజువారీ పనులు మెరుగయ్యాయని అందులో ఉంది. నమ్మనివాళ్లు 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ ట్రయల్ చూపిస్తారు. 770 మంది, పైన చెప్పిన ఎంఐటీ-మానుస్ రకం మెషీనే, వారానికి మూడు సార్లు, సారికి 45 నిమిషాలు, 12 వారాలు. చేత్తో పనులు చేసుకోగలగడంలో మామూలు వైద్యం కన్నా తేడా ఏమీ రాలేదని అది తేల్చింది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఇక్కడ రెండు కొలతలు కలిసిపోతున్నాయి. చెయ్యి ఎంత లేస్తోంది, ఎంత వంగుతోంది అన్నది ఒక కొలత. ఆ చేత్తో గ్లాసు ఎత్తి నోటి దాకా తెచ్చుకోగలుగుతున్నారా అన్నది ఇంకో కొలత. బ్రిటన్ ట్రయల్‌లో మొదటిది మూడు నెలలకి కాస్త మెరుగైంది, రెండోదానిలోకి అది రాలేదు. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు, ఈత కోసమని ఒడ్డున కూర్చుని చేతులాడించినంత మాత్రాన నీళ్లలో తేలం కదా. బల్ల మీద పిడి జరపడం నేర్చుకున్న చెయ్యి పిడి జరపడంలో ఘనాపాటీ అవుతుంది. గ్లాసు ఎత్తడం రావాలంటే గ్లాసే ఎత్తాలి.

నాకు అన్నిటికన్నా కళ్లు తెరిపించింది 2010లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో చేసిన ట్రయల్. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 127 మంది. కొందరికి రోబో, కొందరికి మామూలు వైద్యం, ఇంకొందరికి ఏం చేశారంటే, రోబో ఎంత గట్టిగా, ఎన్నిసార్లు చేయిస్తుందో అంతే గట్టిగా మనిషే, అంటే థెరపిస్టే, చేయించాడు. 12 వారాలకి చెప్పుకోదగ్గ తేడా లేదు. 36 వారాలకి రోబో గుంపు మామూలు వైద్యం గుంపు కన్నా కొద్దిగా ముందుంది, కానీ మనిషి గట్టిగా చేయించిన గుంపు కన్నా ముందు లేదు. అంటే మహత్తు మోటారులో లేదు, ఎన్నిసార్లు చేశారన్న దాంట్లో ఉంది. మరి రోబో ఎందుకు? ఒక మనిషి పక్కన కూర్చుని రోజుకి అన్నేసి వందలసార్లు విసుక్కోకుండా చేయించడం మన దేశంలో, అందునా ఇంటికొచ్చి ముప్పావు గంటకి 600 తీసుకునే ఫిజియోతో, జరిగే పని కాదు గనక. రోబోకి విసుగు రాదు, లెక్క తప్పదు, పక్కింటావిడ ఫోన్ చేయదు.

ఇంట్లోనే చేసుకుంటే ఎలా ఉంటుందో చూసిన ట్రయల్ 2019లో వచ్చింది, అమెరికాలో 11 చోట్ల 124 మంది. అచ్చంగా రోబో కాదు, ఆటలతో చేతి వ్యాయామాలు చేయించే సెట్టు ఇంటికిచ్చారు, 70 నిమిషాల సెషన్లు 36, వాటిలో సగం థెరపిస్టు వీడియోలో చూస్తుండగా. ఇంకో గుంపు అంతే వ్యాయామాన్ని క్లినిక్‌కి వచ్చి చేసింది. 66 మార్కుల చేతి పరీక్షలో రెండు గుంపులూ దాదాపు 8 మార్కులు పెరిగాయి, ఇంటి గుంపు ఏమీ వెనకబడలేదు. దీని పక్కనే మన దేశపు ట్రయల్ ఒకటి పెట్టి చూడాలి. 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగుల్ని తీసుకుని, సగం మంది ఇళ్లలో ఒక కుటుంబ సభ్యుడికి వ్యాయామాలు నేర్పి పంపారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకి చనిపోయినవాళ్లూ, ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్లూ కలిపి రెండు వైపులా 47 శాతమే, నేర్పినా నేర్పకపోయినా ఒకటే.

ఇది చదివినప్పుడు నాకు అత్తయ్య గుర్తొచ్చింది. ఆవిడకి కూడా డిశ్చార్జి రోజు పది వ్యాయామాలు బొమ్మలతో సహా కాగితం మీద ఇచ్చారు, ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది. వంట, మందులు, స్నానం, బ్యాంకు, వచ్చేపోయే బంధువులు, వీటన్నిటి మధ్య ఆవిడ ఏ గంటలో రోజుకి 400 లెక్కపెట్టాలి? నా లెక్కలో ఆ రెండు ట్రయల్స్‌కీ తేడా ఇల్లూ ఆసుపత్రీ కాదు. ఒక చోట గంటల లెక్క ఉంది, ఎంత చేశారో చూసే యంత్రం ఉంది, ఆ యంత్రం వెనక థెరపిస్టు ఉన్నాడు. ఇంకో చోట ఒక ఇంటి మనిషి మీద ఇంకో బరువు పెట్టారు.

ఇంటికి తెచ్చుకునే ముందు

అద్దెకిచ్చే కంపెనీని మేం అడగాల్సినవి అడగలేదు, మీరు అడగండి. సాయం ఎంత చేస్తోందో తెర మీద కనిపిస్తుందా, దాన్ని తగ్గించే వీలుందా, రోజువారీ లెక్క ఫిజియోకి చేరుతుందా, చెయ్యి బిగించడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, దానికి రెండో మనిషి కావాలా. చివరిది చిన్నగా కనిపిస్తుంది గానీ అదే పెద్దది. ముడుచుకున్న వేళ్లని విప్పి పిడికి చుట్టి పట్టీలు వేయడానికి అత్తయ్యకి మొదట్లో పావుగంట పట్టేది, అది కుదరని రోజు రోబో ఉన్నా లేనట్టే. మూడో వారంలో పిడి వదులైంది. ఫోన్ చేస్తే మనిషి రావడానికి నాలుగు రోజులన్నారు. మావయ్య తన పాత టూల్‌బాక్స్ తెప్పించుకుని నన్ను పిడి పట్టుకోమని ఎడమ చేత్తో తనే బిగించుకున్నాడు. అందరిళ్లలోనూ ఫిట్టర్లుండరు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. పడిపోయిన చెయ్యి బరువుకి భుజం కీలు కిందకి జారి ఉంటుంది చాలామందికి, అలాంటప్పుడు చేతిని లాగితే, చంకలో చెయ్యేసి లేపితే నొప్పి నెలల తరబడి వదలదు, రోబో కన్నా ముందు ఫిజియో చేత భుజం చూపించుకోవాలి. కండరాలు బాగా బిగుసుకుపోయి ఉన్నా, చేతికి స్పర్శ తెలియకపోయినా (పట్టీ ఒరుసుకుపోయి పుండు పడ్డా తెలీదు), ఫిట్స్ వస్తున్నా, బీపీ అదుపులో లేకున్నా డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. త్వరగా మొదలుపెడితే మంచిది కదా అని మొదటి రోజే రోగిని కుదిపేయడం కూడా వద్దు, 2015లో వచ్చిన అవెర్ట్ అనే పెద్ద ట్రయల్‌లో, 24 గంటల్లోపే రోగిని పదేపదే లేపి నడిపించడం మొదలుపెడితే మామూలు కన్నా ఫలితం తగ్గిందని తేలింది. వేళ్లలో అసలు కదలికే లేనివాళ్లకి రోబో నుంచి ఎంత ఆశించాలో కూడా ముందే తేల్చుకోండి. బిగుసుకుపోకుండా కాపాడటం దాకా అయితే దానికి రోబో అక్కర్లేదు, మీ చెయ్యి చాలు.

డబ్బు సంగతి. తమిళనాడులో ఉంటున్నవాళ్లు రోబో దాకా వెళ్లకముందే ఒక పథకం గురించి కనుక్కోవాలి, మన తెలుగువాళ్లలో చాలామందికి దాని పేరు కూడా తెలీదు. 'మక్కళై తేడి మరుత్తువం', అంటే ప్రజల్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలైంది. బీపీ, షుగర్ మందులు ఇంటికి తెచ్చివ్వడంతో పాటు ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ కూడా అందులో ఉంది. దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి. చెన్నై కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస ఆసుపత్రి కూడా ఉంది. మేం నాలుగు నెలలు ప్రైవేటు ఫిజియోకి కట్టాక గానీ ఈ రెండూ మాకు తెలియలేదు, చెప్పింది కూడా ఎవరో కాదు, ఆ తిరుత్తణి అమ్మాయే, తన ఆదాయం పోతుందని తెలిసి కూడా.

నెల అయ్యాక మెషీన్ తిరిగి వెళ్లిపోయింది. మణికట్టు ముందు కన్నా బాగా పైకి లేస్తోంది, బొటనవేలు కాస్త తెరుచుకుంటోంది, అది రోబో వల్లో, మామూలుగానే వచ్చేదో ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. మారింది మాత్రం ఒకటుంది, ఇంట్లో లెక్క మొదలైంది. మెషీన్ ఉన్నప్పుడు తెర మీద అంకె కనిపించేది, అది పోయాక వెలితిగా ఉందని మావయ్యే పాల లెక్క రాసే నోట్‌బుక్ తెరిపించాడు. గ్లాసు ఇప్పుడు కుడి వైపే పెడుతున్నారు. రాసేది అత్తయ్య. నిన్నటి పేజీ ఫొటో తీసి పంపింది: ఖాళీ గ్లాసు ఎత్తడం 60, తలుపు గడియ 45, చిక్కుడుకాయలు గిన్నెలో వేయడం 110, తువ్వాలు మడత 20, చొక్కా గుండీలు 2. గుండీల పక్కన మావయ్య ఎడమ చేత్తో వంకరటింకరగా రాశాడు, "ఒకటి మీ అత్త పెట్టింది, లెక్కలోకి రాదు".